పగడమ్మ కూతురి పొర

చేపల గాజుతొట్టిలో ఉండే పగడపు జీవి పగడమ్మకు నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు. రాయి దొర్లి ఆమె ఒంట్లోంచి చిటికెనవేలంత ముక్క విరిగిపడింది. పగడాల్లో విరిగిన ముక్కే బిడ్డగా పెరుగుతుంది కాబట్టి ఆ ముక్కే ఆమె కూతురు. ఎదుటి బండను కరుచుకుని ముడుచుకుపోయింది. పైన తెల్లటి పొర కప్పేసింది.

"ఇంకాస్త పెట్టు వదినా! తినకపోతే పిల్ల దక్కదు!" అని చారల చేపను బతిమాలింది పగడమ్మ. చేప తెచ్చి పోసిన మేతంతా పిల్ల మీదే కుళ్లసాగింది.

"మూసిన నోట్లో కుక్కుతారేంటి, పిచ్చిమాలోకాల్లారా!" నత్త తాత కసిరాడు. "ఆ పొర దానికి ఊపిరాడనివ్వడం లేదు. మేత మాని తోకతో నీళ్లు విసురు."

చేప విసిరింది. పొర ఒక పక్క లేచింది.

"ఊడుతోందర్రా! విసురు వదినా, విసురు!"

పొర చిరిగి కొట్టుకుపోయింది! కింద గులాబీ రంగు ఒళ్లు! బుల్లి నోరు తెరుచుకుంది. చుట్టూ ఈకల్లాంటి వేళ్లు ఒకటి, రెండు, మూడు... ఎనిమిదీ విచ్చుకున్నాయి! తేలివచ్చిన నలుసును పిల్ల తనంతట తానే పట్టుకుంది.

"అమ్మా, నువ్వూ ముడుచుకుపోయావేంటే?"

పగడమ్మ అప్పుడు చూసుకుంది. తన వేళ్లన్నీ ముడుచుకునే ఉన్నాయి.

"ఇటు కూడా విసరనా, తాతా?" అంది చేప.

"అక్కర్లేదు వదినా," అంటూ పగడమ్మ ఒళ్లంతా ఒక్కసారిగా విచ్చుకుంది. "మేత పట్రా, ఆకలేస్తోంది!"