స్టాండ్‌బై

"అవ్వా, గిదేం పెన్ను నవనీతమ్మా? గీత ఒక దిక్కు గీస్తే ఇంకో దిక్కు పడ్తది."

దశరథం సార్ విసుక్కున్న మరుక్షణమే పెద్ద తెర నల్లబడింది. ఉట్నూర్ సెంటర్‌లో కూర్చున్న విద్యార్థుల ముఖాలు, సగం గీసిన డిమాండ్ రేఖ, అన్నీ మాయమయ్యాయి. 'హోస్ట్ ఈ క్లాసును ముగించారు' అన్న అక్షరాలు మాత్రం మిగిలాయి.

నవనీత లాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తింది. కరీంనగర్‌లోని ఆ యూనివర్సిటీలో లెక్చరర్లకు ఆన్‌లైన్ పాఠాలు చెప్పడం నేర్పే ఉద్యోగం ఆమెది. ఎదురుగా ఉన్నవాళ్లకీ, ఎక్కడో అడవి పక్కన ఉన్నవాళ్లకీ ఒకే పాఠం ఒకేసారి ఎలా చెప్పాలో చూపించాలి. అందరూ నేర్చుకున్నారు. దశరథం సార్ క్లాసు మాత్రం వారం రోజులుగా ఇలాగే మధ్యలో కూలిపోతోంది. ఈరోజు వెనక బెంచీలో రిజిస్ట్రార్ రాజయ్య కూడా కూర్చుని ఉన్నాడు.

రాజయ్య లేచి నెమ్మదిగా ముందుకు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లతో పొద్దున్నే మాట్లాడాడట. క్లాసును ఆపుతున్నది ఈ లాప్‌టాప్ కాదట. ఇదే లాగిన్‌తో ఇంకెక్కడి నుంచో ఎవరో ఆపుతున్నారట.

"గా లాగిన్ ఎవరెవరికి ఎరుక?"

"సార్‌కు, నాకు" అంది నవనీత.

"సార్ నా కండ్ల ముందర పాఠం చెప్తుండు. మరి ఎవరు మిగిలిన్రు?"

నవనీత తన ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టింది. చూసుకోమంది. అది ఇప్పటిదాకా తన బ్యాగులోనే ఉందని చెప్పింది. రాజయ్య దాన్ని ముట్టుకోలేదు.

"ఇంకొక్క పారి చూస్త. మల్ల బందైందంటే రేపటి సంది నువ్వు రావుడు అక్కర లేదు."

"సుద్దముక్క ఎన్నడన్న బందైందా?" అని గొణిగాడు దశరథం సార్, చేతిలోని పెన్నును తేలును చూసినట్టు చూస్తూ. నవనీతకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. తెర మీద రాసే ఈ పెన్ను పట్టుకోవడం నేర్పడానికే ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు ఆ చదువు తన ఉద్యోగానికే ఎసరు పెట్టింది.

టేబుల్ మీద ఫోన్ మోగింది. ఉట్నూర్ నుంచి తారాబాయి, ఆ బ్యాచ్ లీడర్.

"మేడం, మల్ల మొదలుపెడ్తరా? మేం పుస్తకాలు మూసి కూసున్నం."

"క్లాసు పోంగనే మూసుడేనా?"

"పోకముందే మూసినం. సార్ 'అవ్వా' అన్నడు గద. గా మాట అన్నప్పుడల్లా క్లాసు పోతది మేడం. మొన్న కాలు కుర్సీకి తాకినప్పుడు గట్లనే. నిన్న మైకు గీపెట్టినప్పుడు గూడ. మాకందరికీ ఎరుకే."

నవనీత ఆ సంగతి చెబితే రాజయ్య నవ్వలేదు. ఇది యూనివర్సిటీయా, భూతవైద్యుడి ఇల్లా అని అడిగాడు. మాటతో పనిచేసే ఏర్పాటు ఏదైనా ఉందేమోనని ఆమె లాప్‌టాప్ అంతా వెతికింది. అలాంటిదేమీ లేదు.

చేసేది లేక క్లాసు మళ్లీ మొదలుపెట్టింది. ఉట్నూర్ ముఖాలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. వాటి మధ్య 'దశరథం' అన్న పేరు రెండు గడుల్లో కనబడింది. ఒకదానిలో సార్ ఉన్నాడు. రెండోది నల్లగా ఉంది.

వారం నుంచీ చూస్తున్నదే. అది స్టాండ్‌బై. ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉండాలని, క్లాసు మొదలవగానే దానంతట అదే కలిసేలా తనే సెట్ చేసి ఇచ్చిన ట్యాబ్. అందుకే ఇన్నాళ్లూ అనుమానం రాలేదు. ఇప్పుడు టేబుల్ మీద చూసింది. లేదు. అల్మారాలో చూసింది. అక్కడా లేదు.

"సార్, మీ ట్యాబ్ ఏడుంది?"

"ఇంట్ల."

"ఇంట్లనా? క్లాసుల పక్కకు పెట్టుకోమన్న గద సార్."

"పక్కకు పెట్టుమన్నవ్. పెట్టిన. టీవీ పక్కకు."

నవనీత లాప్‌టాప్ మీదికి వంగింది. ఆ నల్లటి గడిని కెమెరా, మైకు తెరవమని అడిగింది. అవతల ఎవరో కనబడిన చోటల్లా నొక్కినట్టున్నారు. ముందు ఫ్యాను తిరగడం కనిపించింది. తర్వాత పావలా కాసంత బొట్టు. దాని కింద కళ్లద్దాలు, ముడతలు పడ్డ బుగ్గలు. తెర నిండా ఒక ముసలి ముఖం నిలబడింది.

"గింతమంది కూడి నా కొడుకును పరేషాన్ చేస్తున్రు" అని ఆ ముఖం దీర్ఘం తీసింది. "గొంతు పోయేటట్టు ఒర్రిపిస్తున్రు. మల్ల నన్ను పిలిసిండంటే గీ ఎర్ర బటన్ ఒత్తుడే. ఏం అనుకున్నరో ఏమో."

ఒక వంకర వేలు పైకి లేచి, తెర ముందు సిద్ధంగా ఆగింది.

రాజయ్య వెన్ను నిటారుగా అయింది. "దశరథం, ఎవరీమె?"

"సార్, మీరు చెప్పకుండ్రి" అంటూ నవనీత చెయ్యి అడ్డం పెట్టింది. దశరథం సార్ అప్పటికే నోరు తెరిచాడు. ఉట్నూర్‌లో తారాబాయి పుస్తకం మూసేసింది.

"అవ్వా."