ఊగిన నిచ్చెన

"కళ్ళు తిరగడం లాంటివి ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది గుండె డాక్టరమ్మ.

"అబ్బే, లేవండీ. గోడలకు రంగులేసేవాణ్ణి. రోజుకు నలభైసార్లు నిచ్చెన ఎక్కి దిగుతాను. నాకేం రోగం?" అన్నాడు పెయింటర్.

మణికట్టు బెణికిందని వచ్చిన మనిషికి, పరీక్షలు చేసి గుండెలో వాల్వు మూసుకుపోతోందని, ఛాతీ కోసి మార్చాలని చెబితే ఎలా నమ్ముతాడు?

పక్కనున్న భార్య మాత్రం గిరుక్కున అతని వైపు తిరిగింది. పనిలో కింద నిచ్చెన పట్టుకునేది ఆమే.

"ఏమయ్యా, మూడు నెలలుగా నిచ్చెన ఊగుతోందని నన్ను తిడుతున్నావు కదా?"

"ఊగితే తిట్టనా మరి? ఒక్కరోజైనా సరిగ్గా పట్టుకున్నావా?"

"అది ఊగలేదు."

"నీకేం తెలుసే? పైన ఉన్నది నేను!"

"నేనే కదిపేస్తున్నానేమోనని అరచేతులు కాయలు కాచేలా పట్టుకున్నాను. అయినా తిట్టావు. మొన్న నీకు తెలియకుండా దాన్ని కిటికీ ఊచలకు తాడేసి బిగించాను. అప్పుడూ ఊగుతోందనే అరిచావు."

రాస్తున్న డాక్టరమ్మ కలం ఆగిపోయింది. పెయింటర్ ముఖం సున్నం కొట్టినట్టయింది. పైనుంచి ఎన్ని అంతస్తుల లోతు చూశాడో, అదంతా ఇప్పుడు కళ్ళ ముందుకొచ్చినట్టుంది. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు.

"ఇప్పుడూ ఊగుతోందే," అన్నాడు మెల్లగా.

మూడు నెలల్లో మొదటిసారి ఆ మాటలో తిట్టు లేదు.