నాలుగు పలకల నట్టు

“పది నలభైకి నా బండి. మీ ఇనప సామాను ఇవాళన్నా నాకు పనికొస్తుందా?”

లిఫ్టు తలుపుకున్న అరచేయంత అద్దంలోంచి అతనికి భార్య ముఖం సగమే కనిపిస్తోంది. ఆమె కాళ్ళ దగ్గర రెండు సూట్‌కేసులున్నాయి. అక్క ఉండే ఊరికి టికెట్ తీసుకుంది. తిరుగు టికెట్ తీసుకోలేదు.

పావుగంట క్రితం నాలుగో అంతస్తులో, గుమ్మం దగ్గర, అతను ఒకే మాటన్నాడు. “వెళ్ళాలనుకుంటే వెళ్ళు. నేను ఆపను.” ఆ మాటతో ఆమెకు ఒళ్ళు ఇంకాస్త మండింది. సూట్‌కేసులు తనే లాక్కుంటూ లిఫ్టెక్కింది. లిఫ్టు బుద్ధిగా కిందిదాకా వచ్చింది. తలుపు గొళ్ళెం మాత్రం బిగుసుకుపోయింది. లోపల దీపం వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, మనిషి బయటికి రావడమే కుదరడం లేదు. కంపెనీ మెకానిక్ పదకొండున్నరకి గానీ రానన్నాడు.

గొళ్ళెం పెట్టెను పట్టి ఉంచింది ఒకే ఒక్క నట్టు. లోతైన కన్నంలో ఉన్న నాలుగు పలకల నట్టు, ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకని కొలత. దాని మీద టోపీలా కూర్చునే సాకెట్టు ఆ అపార్ట్‌మెంటు మొత్తంలో ఒక్క అతని ఇంట్లోనే ఉంది.

అతన్ని అందరూ పానాల సారంటారు. మీట ఎటుంటే అటే నట్టుని తిప్పే పాత రాచెట్లూ, సాకెట్లూ తుక్కు కొట్లలో ఏరుకొచ్చి, కిరసనాయిలులో నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో తోమి, లోపలి స్ప్రింగులు మార్చి, బీరువాలో వరసగా పేర్చుకోవడం అతని పిచ్చి. బీరువా అంటే భార్య చీరల బీరువాయే. చీరలు మంచం కిందికి వెళ్ళి ఆరేళ్ళయింది.

సాకెట్టు నట్టు మీద కూర్చుంది. రాచెట్టు పిడిని రెండు చేతులా పట్టుకుని, గోడకి కాలు తన్నిపెట్టి లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. నట్టు కదల్లేదు. పిడిని వెనక్కి తెచ్చాడు. టకటకటక.

“ఆ చప్పుడు నాకు తెలుసు,” అంది ఆమె. “నా సవతి గొంతు.”

“అరవై ఏళ్ళనాటిది. ఒక్క పన్ను అరగలేదు,” అన్నాడు అలవాటు కొద్దీ. అని నాలిక కరుచుకున్నాడు.

వాచ్‌మన్‌కి కాలూ చెయ్యీ ఆడటం లేదు. “సుత్తితో ఒక్కటిద్దునా సార్?”

“వద్దు. మూలలు పోయాయంటే ఇంక ఎవడూ తియ్యలేడు.”

“పోనీ నేను లాగనా?”

“ఇది చేతికి తెలియాలి. నువ్వెళ్ళి ట్యాక్సీ అతన్ని ఆగమను.”

వాచ్‌మన్ వెళ్ళాడు. పది దాటింది. స్టేషన్‌కి ఇరవై నిమిషాలు.

“ఎంత తుప్పు పట్టినదైనా పది నిమిషాలు చాలని నలుగురికీ చెప్పుకుంటారుగా?”

“ఇది మొండిది.”

“నాకంటేనా?”

అతను పిడిని మళ్ళీ పట్టుకున్నాడు. లాగాడు. టకటకటక. చెమట కళ్ళలోకి దిగుతోంది.

“నీకు జ్వరమొచ్చిన రోజు మూడుసార్లు పిలిచావు,” అన్నాడు. “వినపడలేదన్నాను.”

“ఇప్పుడెందుకది?”

“వినపడింది.”

అతను పిడిని వెనక్కి తెచ్చాడు.

“చేతిలో స్ప్రింగు ఉంది. వదిలితే ఎగిరిపోతుంది, ఒక్క నిమిషం అనుకున్నా. లేచి చూస్తే నువ్వు లేవు.”

“ఆటోలో ఒక్కదాన్నే వెళ్ళాను. ఆసుపత్రి బెంచీ మీద పక్కనెవరో ఆవిడ మంచినీళ్ళిచ్చింది. తిరిగొచ్చాక మీరన్న మొదటి మాట గుర్తుందా?”

“టీ పెడతావా అన్నాను.”

సిగ్గుతో అతనికి అద్దం వైపు చూడబుద్ధి కాలేదు.

“వినపడిందని నాకు తెలుసండీ,” అంది మెల్లగా. “వినపడనివాళ్ళని వదిలేసి పోతారా ఎవరన్నా?”

బయట హారన్ మోగింది. ఇంకో ఐదు నిమిషాలే ఆగుతాడట సార్, అని వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచి కేకేశాడు. అతను మళ్ళీ లాగాడు. అరచేతులు బొబ్బలెక్కాయి.

“డాక్టరేమన్నాడు?”

“ఏ డాక్టరు?”

“ఆ రోజు.”

“పన్నెండు రోజులకి అడుగుతున్నారా?”

“అడుగుతున్నాను.”

ఆమె అద్దం నుంచి ముఖం తిప్పుకుంది. “రక్తంలో ఏదో తేడా ఉందట. నెలాఖరుకి ఇంకో పరీక్ష. ఈసారి ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకు రమ్మన్నాడు. అక్క వస్తుందిలెండి.”

పిడి మీద చేతులు ఆగిపోయాయి.

“నాకు భయంగా ఉంది,” అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట వినడం ఆమెకు ఇదే మొదలు. అద్దానికి నుదురు ఆనించింది.

“నాకూ భయమే. ఎవరితో చెప్పుకోను? మీ బీరువాతోనా?”

“నాతో చెప్పు.”

చెప్పింది. సూది గుచ్చిన చోటు రెండు రోజులు నల్లగా కమిలిపోవడం, రాత్రుళ్ళు నిద్ర పట్టకపోవడం, పక్కగదిలో అతను ఇనుము తోముతున్న చప్పుడు వింటూ పడుకోవడం. అతను అడుగుతూనే ఉన్నాడు, లాగుతూనే ఉన్నాడు. మధ్యలో ఆమె ఒకసారి ఏడ్చింది, ఒకసారి నవ్వింది కూడా.

వాచ్‌మన్ వచ్చి నిలబడ్డాడు. “ట్యాక్సీ ఎప్పుడో వెళ్ళిపోయింది సార్. మీరు మాట్లాడుకుంటున్నారని చెప్పలేదు.”

ఆమె గడియారం చూసుకుంది. “బండి పోయినట్టేగా?”

“పోయింది.”

“రేపూ ఇదే టైముకి ఉంది.”

“ఉంది.”

అతను పిడిని వదిలి అద్దం వైపు చూశాడు.

“అక్కకి ఫోన్ చేసి ఇప్పుడు రావట్లేదని చెప్తాను,” అంది చివరికి. “పరీక్షకి మీరు వస్తారుగా?”

“వస్తాను.”

“అయితే ముందు దీన్ని తియ్యండి. కాళ్ళు లాగుతున్నాయి.”

అతను చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. వాచ్‌మన్‌ని సూట్‌కేసులు పైకి తీసుకెళ్ళడానికి సిద్ధంగా ఉండమన్నాడు.

రాచెట్టు మీటను బిగించే వైపు నుంచి విప్పే వైపుకు తిప్పాడు.