జూకా పేరుకు జవాబు

“ఈసారైనా వస్తావా అమ్మా?” గడప దాటకుండానే అడిగాడు ఒదైర్.

జెనొవేవా తలెత్తలేదు. ఉడికించిన పైన్ గింజలు ఒళ్ళో పోసుకుని ఒలుస్తోంది.

“మోకాళ్ళు,” అంది.

“కారు గుమ్మం దాకా తెచ్చాను.”

“కారెక్కడానికీ మోకాళ్ళే కావాలి.”

ఏటా ఇదే వరస. మోకాళ్ళు కాకపోతే తలనొప్పి, తలనొప్పి కాకపోతే వాన. ఇవాళ ఎండ కాస్తోంది. సావో పావులో నగరానికి వెళ్ళే విమానం కూలిననాడు మాత్రం కొండంతా పొగమంచు. ఊరి ఫుట్‌బాల్ జట్టు మొత్తం అందులోనే పోయింది. జూకా కూడా.

జూకా ఒదైర్‌కి తమ్ముడు. ఊరి జట్టుకి గోల్స్ కొట్టేవాడు. ఒదైర్ ఏటి అవతలి ఊరి జట్టుకి గోల్‌కీపర్.

వర్ధంతి రోజున మైదానంలో పోయినవాళ్ళ పేర్లు పిలుస్తారు. పేరు పిలవగానే ఆ ఇంటివాళ్ళు లేచి “ఉన్నాడు!” అనాలి. జూకా పేరుకి ఇంతవరకూ ఇంటి మనిషి పలకలేదు. జనమే జాలిపడి పలుకుతారు. తల్లి ఉండగా ఆమె చెప్పనిదే పలకడానికి ఒదైర్‌కి నోరు రాదు. వెనక వరసలో కూర్చుని లేచి వచ్చేస్తాడు.

“ఓహో, తలుపు తీసినాయన వచ్చాడే!”

పక్కింటి బెనో సొరబుర్ర గిన్నెలోంచి చేదాకు తేనీరు గొట్టంతో పీలుస్తూ లోపలికొచ్చాడు. పాత బస్సు డ్రైవరు. గొంతు ఇంకా హారన్‌లాగే ఉంటుంది.

ఆ పేరు సెమీఫైనల్ నాటిది. ఆట చివర్లో పెనాల్టీ. కొట్టేది తమ్ముడు, ఆపాల్సింది అన్న. ఒదైర్ ఒక పక్కకి దూకాడు, బంతి ఇంకో పక్క నుంచి వెళ్ళింది. ఊరి జట్టు ఫైనల్‌కి చేరింది. ఊరంతా జూకాని భుజాలమీద మోసి, ఫైనల్‌కి తలుపు తీశాడని ఒదైర్‌కి ముద్దుగా ఆ పేరు పెట్టింది. ఫైనల్‌కి బయలుదేరిన విమానం కూలాక ఆ పేరుకి ఎవరూ నవ్వలేదు. బెనో ఒక్కడే మానలేదు.

“ఈ పెరట్లోనే కదరా మీరిద్దరూ నేర్చింది! ఈ అక్క ఉతికారేసిన దుప్పటే మీకు గోలు. మీ ఆట చూస్తూ ఉతికినదాన్నే మళ్ళీ ఉతికేది పాపం.”

“ఊఁ.”

“ఆ ఒక్క బంతి ఆపి ఉంటే మనాళ్ళు ఈపాటికి బొజ్జలు పెంచుకుని నిన్ను తిట్టుకుంటూ ఉండేవాళ్ళు. జట్టులో ఆడిన మా చెల్లెలి కొడుక్కి బట్టతల వచ్చుండేది.”

“బెనో, నోరు ముయ్యి,” అంది జెనొవేవా.

“తమాషాకన్నానక్కా.”

“అయితే తమాషా అయిపోయింది. పో.”

బెనో నవ్వబోయి ఊరుకున్నాడు. “పోతాలే. మా వాడి పేరు ముందే వస్తుంది,” అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఒదైర్ లోపలికొచ్చి తల్లి ఎదురుగా పీట వేసుకున్నాడు.

“నువ్వు రాకపోతే పోనీ. నన్ను పలకమను. ఒక్క మాట అను, పలుకుతాను.”

ఆమె గింజ ఒలుస్తూనే ఉంది.

“బెనో పైకన్నాడు, నువ్వు లోపల అనుకుంటున్నావు. అంతే తేడా. అందుకే కదా నా ముఖం చూడవు?”

“పిచ్చి మాటలు మాట్లాడకు.”

“కలలో రోజూ ఆపుతానమ్మా ఆ బంతిని. లేచి చూస్తే చేతులు ఖాళీ. తమ్ముణ్ణి చంపుకున్నావురా అని నోరారా తిట్టు. నీ మోకాళ్ళ వెనక దాక్కోకు.”

జెనొవేవా వేళ్ళు ఆగాయి. పొట్టు నేలమీద పడింది.

“ఆటకి ముందురోజు వాడు ఇక్కడే తిన్నాడు,” అంది.

“తెలుసు. మమ్మల్ని బసలోంచి కదలనివ్వలేదు.”

“తిన్నాడంటే ఏం తిన్నాడు! ముద్ద దిగలేదు. ‘అన్నయ్య చేతికి చిక్కానంటే ఊళ్ళో తలెత్తుకోలేనమ్మా’ అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.”

“జూకానా? వాడు భయపడగా నేనెప్పుడూ చూడలేదే.”

“నీకెందుకు చూపిస్తాడు? నాకు చూపించేవాడు.”

మైదానం వైపు నుంచి మైకు గరగరలాడింది. మొదటి పేరు వినబడింది. “ఉన్నాడు!” అని ఒక ముసలి గొంతు అరిచింది. హారన్ లాంటి గొంతు, మధ్యలో పగిలింది.

ఒదైర్ లేచాడు. “మొదలుపెట్టేశారు. పలకమంటావా, వద్దా?”

జెనొవేవా అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళకి అతని ముఖంలోకి చూసింది.

“పలుకు నాయనా. గట్టిగా పలుకు. వాడికి నువ్వే పలకాలి. నాకు ఆ హక్కు లేదు.”

“కన్నతల్లివి. నీకు లేకపోవడమేంటి?”

ఆమె అతని చొక్కా చెయ్యి వదిలేసింది.

“నువ్వెటు దూకుతావో వాడికి చెప్పింది నేనే.”