ఎండిన పాలు

పైన్ గింజ ఎంత ఎండినా లోపలి మొలక చావకుండా కాపాడే ప్రొటీన్లు దానిలో ఉంటాయి. వాటిని కలిపి ఇప్పుడు దేన్నయినా ఎండబెట్టి ఏళ్ల తరబడి దాచేస్తున్నారు. గౌరునాయుడి భార్య సుభద్ర కూడా, పురిటి తర్వాత ఇక బతకనని తెలిశాక, ఆస్పత్రి మంచం మీదే తన పాలు పిండించి, పొడి చేయించి పొట్లాలు కట్టించింది. గోరువెచ్చని నీళ్లు పోస్తే చాలు, అప్పుడే పిండిన పాలవుతాయి.

గౌరునాయుడు ఆ పొట్లాలతోనే కూతురు హైమను పెంచాడు. ఆఖరి పొట్లం విప్పడానికి మాత్రం మనసొప్పక, బియ్యం డబ్బాలో దాచుకున్నాడు.

హైమకు జ్వరం వచ్చి ఏమీ ముట్టని నాడు దాన్ని విప్పాడు. నీళ్లు పోయగానే సుభద్ర పక్కన కూర్చున్నప్పటి తియ్యని వాసన వచ్చింది. చెంచాతో పట్టిస్తే హైమ ఒక్క గుక్క మింగి మొహం తిప్పుకుంది.

"అమ్మ పాలు తల్లీ, ఇంకొక్క చెంచా."

"ఒద్దు. సారన్నం కావాల."

సుభద్ర తల్లి ఎర్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"పిల్ల ఎదిగిపోనాది బాబూ. తడిపిన పాలు నిలవుండవు. పక్కింటి పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తంది, తల్లికింకా పాలు పడనేదు. ఈ పాలు అట్టుకెల్లు."

గౌరునాయుడు పాలున్న ఉగ్గుగిన్నె తీసుకుని లేచాడు.

పక్కింటి బిడ్డ ఆబగా తాగి, ఏడుపు మాని నిద్రపోయింది.

"ఎవరి పాలన్నా ఇవి?" అని అడిగింది బాలింత పైడితల్లి.

"మీ వదినవేనమ్మా."

ఇంటికొచ్చి, ఖాళీ గిన్నెతో కుళాయి దగ్గర నిలబడ్డాడు. నీళ్లు ధారగా పోతూనే ఉన్నాయి. గిన్నె కడగడానికి మాత్రం అతనికి చేతులు రాలేదు.