ముందుకు పోని కాలు

మోకాలి ఆపరేషనైన ఏడాదికి ఫ్రౌకె మళ్ళీ జర్మనీలోని బ్రెమెన్ మైదానంలో ఫుట్‌బాల్ ప్రాక్టీసుకు దిగింది. మిడ్‌ఫీల్డులో ఒకప్పుడు ఆమెకు ఎదురులేదు. ఇవాళ బంతి అందిందో లేదో, ఎదురుగా తన జట్టులోనే ఆడే గెసా దూసుకొచ్చింది. ఆ మోకాలు పాడైంది గెసా కాలు తగిలే.

ఫ్రౌకె పళ్ళు బిగించి దెబ్బకు సిద్ధపడి నిలబడింది.

దెబ్బ తగల్లేదు. గెసా రెండడుగుల అవతలే ఆగిపోయింది.

“జాలి పడక్కర్లేదే! వచ్చి లాక్కో!” అని అరిచింది ఫ్రౌకె.

“జాలి కాదక్కా.” గెసా తన కాలి వంక చూసుకుంది. “ఆ రోజు నీ మోకాలు చేసిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. అప్పట్నించీ ఎవరి దగ్గర బంతి చూసినా నా కాలు ముందుకు పోవట్లేదు. ఏడాదిగా మ్యాచుల్లో ఆడకుండా నేనూ బెంచీ మీదే.”

ఫ్రౌకె బంతిని ఇద్దరి మధ్యకూ నెట్టింది.

“నాకూ భయంగానే ఉందే. రా, ఇద్దరం ఒకేసారి తన్నుదాం.”