ఎడమ తలుపు రంగు

కారు ఎడమ తలుపును మొదట అల్లుడు పాడుచేశాడు. తర్వాత రంగువాడు పాడుచేశాడు. సుబ్బరాయుడి దృష్టిలో ఇందులో వాదించడానికేమీ లేదు.

"ఇది యాడి రంగు? బండంతా మీగడ, ఈ తలుపొకటి మజ్జిగ," అన్నాడు కూతురితో, వాకిట్లో నిలబడి.

స్వాతి చూసింది. ఎండలో తేడా తెలుస్తూనే ఉంది. తలుపు కింది అంచున రంగు కారి బొట్లు బొట్లుగా గట్టిపడింది. అద్దం చుట్టూ ఉన్న నల్ల రబ్బరు మీద కూడా తెల్లటి తుంపర.

"దూరానికి తెలీదులే నాన్నా."

"కారు దూరం నుంచి కొంటారా ఎవరైనా?"

అదీ సంగతి. కారు అమ్మాలి. అమ్మిన మర్నాడు ఆయన కదిరి వెళ్ళిపోవాలి.

స్వాతి భర్త మధుసూదన్‌కు హైటెక్ సిటీలో ఉద్యోగం. ఒకరోజు ఆలస్యమైందని మామగారి పద్మినీ కారు అడక్కుండా తీసుకెళ్ళాడు. కొత్త రోడ్డు వేస్తున్నచోట కంకర లారీకి గీరి తెచ్చాడు. ముందు సీటు, ఎడమవైపు తలుపు. సుబ్బరాయుడి భార్య జయమ్మ బతికున్నన్నాళ్ళూ కూర్చున్న పక్క.

సుబ్బరాయుడు ఆ గీతను వేలితో తడిమాడు. "దీన్ని బాగుచేయించి, కారు అమ్మి మా ఊరికి పోతా. ఇంక ఈ ఇంట్లో ఉండను," అన్నాడు.

అల్లుడు తప్పయిందన్నాడు. ఆయన తల తిప్పుకున్నాడు. ఆయన అన్న మాట వెనక్కి తీసుకోవడం ఎవరూ చూడలేదు. సొంత తమ్ముడితో మాటా మాటా పెరిగి, అతను మంచం పట్టినా గడప తొక్కని మనిషి.

కదిరిలో ఆయనకు ఉన్నది బస్టాండు వెనక మాట్లాడి పెట్టుకున్న ఒక అద్దె గది. వంట రాదు. షుగరు ఉంది. పోయిన ఏడు స్నానానికి వెళ్ళి కళ్ళు తిరిగి పడిపోతే మోసుకొచ్చింది మధుసూదనే. అక్కడ పడితే ఎత్తేదెవరు? ఆ ఆలోచన వస్తే స్వాతికి అన్నం దిగేది కాదు.

వాకిట్లో రంగు తేడా చూసిన ఆ మధ్యాహ్నమే కారును తిరిగి బోరబండలోని రంగుల షెడ్డుకు తీసుకెళ్ళారు. తోడుగా స్వాతి కూడా వెళ్ళింది.

"ఏమప్పా, కండ్లు కనపడవా నీకు?" అన్నాడు సుబ్బరాయుడు దిగుతూనే.

షెడ్డు యజమాని రాజేందర్ తలుపు వైపు చూసి బుర్ర గోక్కున్నాడు. "నీడల కలిపిన సార్. ఎండల జర ఫరక్ కొడ్తున్నది."

"బండి నీడలోనే తిరుగుతుందా?"

"పరేషాన్ గాకున్రి. మల్ల గీకి మల్ల ఏస్త."

"చెరిపి మళ్ళీ ఏసేదానికి ఇదేమన్నా ముగ్గా?"

పక్క షాపు పంక్చర్లతను పగలబడి నవ్వాడు. రాజేందర్ ముఖం మాడిపోయింది.

"నువ్వు పోయి ఆటో పిలువు. ఇతనికి చెప్పాల్సింది చెప్పి వస్తా," అని సుబ్బరాయుడు కూతుర్ని పంపేశాడు. సందు చివరి నుంచి చూస్తే ఆయన వేలు ఆడుతోంది. రాజేందర్ తలవంచుకుని ఉన్నాడు.

రెండోసారి తలుపు పచ్చగా వచ్చింది.

"ఈసారి పసుపు పూసినాడు ముండాకొడుకు," అని సుబ్బరాయుడు భోజనం ముగిసేదాకా తిడుతూనే ఉన్నాడు. మారు అన్నం పెట్టించుకుని మరీ తిట్టాడు.

ఆదివారం రామ్మోహనరావు వచ్చాడు. కారు కొనే కుర్రాడు. చుట్టూ తిరిగి చూసి, "ఇలాగే తీసుకుంటానండి. తలుపుదేముందండీ, ఇంజను బాగుంది," అన్నాడు.

స్వాతి తండ్రి ముఖంలోకి చూసింది.

"ఇట్లా అమ్మను," అన్నాడు సుబ్బరాయుడు.

"నాకేం అభ్యంతరం లేదండి."

"నాకుంది. చెడిన సరుకు అంటగట్టి పోయినాడని నన్నెవరూ అనకూడదు. రంగు కుదిరినాక రా."

ఆ మొండితనం ఈ ఒక్కసారికి కాపాడిందనుకుంది స్వాతి. కానీ కారు మళ్ళీ బోరబండ చేరింది. శనివారానికి పక్కాగా కుదురుతుందట. సుబ్బరాయుడు సంచిలో బట్టలు సర్దుకున్నాడు. జయమ్మ ఫొటో గోడ మీంచి తీసి, పంచెలో చుట్టి పెట్టుకున్నాడు.

"కాళ్ళు పట్టుకుని అడగమంటావా? పట్టుకుంటా," అన్నాడు మధుసూదన్.

"పట్టుకుంటే రేపు పోయేవాడు ఈరోజే పోతాడు," అంది స్వాతి.

శుక్రవారం తండ్రి కునుకు తీస్తుండగా ఆమె ఒక్కతే బోరబండ వెళ్ళింది. కారు షెడ్డులో ఉంది. తలుపు రంగంతా గీకేసి, రంగుకు ముందు వేసే బూడిదరంగు అస్తరు పూసి ఉంది.

"అన్నా, ఒక మాట అడుగుతాను. నాన్నకు తెలియకూడదు."

"చెప్పమ్మా."

"ఈసారి కూడా రంగు కలవనీయకు."

రాజేందర్ చేతిలోని గుడ్డ పక్కన పడేశాడు. "రంగు కలవలేదని తిట్టెటోళ్ళను మస్తుగ చూసిన. కలపకని బతిలాడెటోళ్ళను మీ ఇంటోళ్ళనే చూస్తున్న."

"రంగు కుదిరితే ఆయన వెళ్ళిపోతాడన్నా. అక్కడ ఆయనకు ఎవరూ లేరు."

రాజేందర్ గొంతు తగ్గించాడు. "మొదటిపారి తప్పు నాదే, ఒప్పుకుంట. రెండోపారి నాది గాదమ్మా. గల్లీల నా ఇజ్జత్ పోయినా మాటిచ్చిన గదా అని అట్ల చేసిన. రేపు గూడ అంతే."

"మాటిచ్చావా? మా ఆయన వచ్చాడా ఇక్కడికి?"

"ఆయన రాలే."

"మరెవరు?"

"ఎందుకని అడిగితే నా మీదికొచ్చిన్రు. చెప్పింది చెయ్యి, నేనొచ్చి తిడితే పడు అన్నరు."

"ఎవరన్నా?"

"రంగు కలవనియ్యకు, సచ్చేదాక ఈ ముచ్చట ఎవ్వరితోని ఎత్తకు అని చెప్పి పోయిన్రు మీ నాయిన."